కుక్కపిల్లని కొనేముందు మే నెల ఎండని ఒకసారి తలుచుకోండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం అనుబంధంలో ఫ్లాట్లలో పెంచుకోటానికి అనువైన చిన్న కుక్కలు అని ఒక పేజీ వేశారు కదండి, రంగు ఫోటోలతో, పగ్గు, షిట్జూ, పొమేరియన్, చువావా, లాసా, మాల్టీస్, ఒక్కోదాని కింద రెండేసి లైన్లు, ముద్దుగా ఉంటుంది, పిల్లలతో ఇట్టే కలిసిపోతుంది, తక్కువ చోటు చాలు అని. పేజీ బాగుంది, కాదనను. కానీ ఆ సోమవారం నుంచి మా షాపుకొచ్చే వాళ్ళు ఆ పేజీ ఫోన్లో ఫోటో తీసుకొచ్చి బాబాయ్ గారూ ఇందులో ఏది తీసుకోమంటారు అని అడగటం మొదలెట్టారు, అందుకే ఈ ఉత్తరం. నేను డాక్టర్ని కాదు, విజయవాడలో పశువుల మందుల షాపు నడుపుకుంటున్నా, పక్కనే కుక్కల క్లినిక్కు ఉంది, అక్కడ చూపించుకుని చీటీ పట్టుకుని నేరుగా నా కౌంటర్ దగ్గరికే వస్తారు. ఏ జాతి కుక్కకి ఏ మందు నెలకెన్నిసార్లు పోతుందో నా బిల్లు పుస్తకం తిరగేస్తే చాలు తెలిసిపోద్ది.

మీ పేజీలో రెండు సంగతులు లేవండి. ఒకటి మన ఎండ. రెండోది, అసలు జాతి కుక్కే ఎందుకు, ఒక క్రాస్ పిల్లనో వీధిలో పుట్టిన పిల్లనో తెచ్చుకుంటే ఏమవుతుంది అన్న ప్రశ్న.

ఎండ సంగతి ముందు. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల కింద కాస్త పడుతుంది, అంతే. ఒంట్లో వేడి బయటికి పోవాలంటే నాలుక బయటపెట్టి రొప్పాలి, ముక్కులోపల తడి పొరల మీదుగా గాలి తిరగాలి. మన ఎయిర్ కూలర్ పనిచేసే పద్ధతే ఇది, తడిసిన గడ్డి మీంచి గాలి వస్తేనే గదికి చల్లదనం. ఇప్పుడు పగ్గు మొహం చూడండి, అసలా ముక్కు ఎక్కడుంది? తరతరాలుగా బ్రీడింగులో మూతి ఎముకని పొట్టి చేసుకుంటూ వచ్చారు గానీ లోపలుండే మెత్తటి కండ, అంగిలి వెనక భాగం, అవి మాత్రం దాంతోపాటు తగ్గలేదు, అదంతా ఆ ఇరుకులోనే ఇమిడి గాలి దారికి అడ్డం పడుతుంది, ముక్కు రంధ్రాలు చూస్తే గీత గీసినంతే ఉంటాయి. నిద్రలో గురక పెడుతుంది ఎంత ముద్దుగా ఉందో చూడండి అని నాకు వీడియోలు చూపిస్తారు, అది ముద్దు కాదమ్మా దానికి ఊపిరి సరిగ్గా అందట్లేదు అంటే మొహం మాడ్చుకుంటారు. షిట్జూ, లాసా, పెకినీస్, ఇప్పుడు కొత్తగా ఎగబడుతున్న ఫ్రెంచ్ బుల్‌డాగ్, అన్నీ తలోకాస్త ఇదే కష్టం పడేవే, పగ్గుకీ ఫ్రెంచ్ బుల్‌డాగ్‌కీ మరీ ఎక్కువ.

పోయిన మే నెలలో ఒక కుర్రాడు గుంటూరు నుంచి స్కూటీ మీద పగ్గుని తీసుకొచ్చాడు, కాళ్ళ దగ్గర ప్లాస్టిక్ బుట్టలో పడుకోబెట్టి, మధ్యాహ్నం రెండింటికి, టీకా వేయిద్దామని. క్లినిక్కు భోజనాల టైమని మూసి ఉంది. బుట్టలోంచి దించితే కాళ్ళు నిలవట్లేదు దానికి, నాలుక వంకాయ రంగుకి తిరిగింది, నోట్లోంచి జిగురుగా చొంగ, కళ్ళు ఎటో చూస్తున్నాయి. దార్లో ఆపి కూల్ డ్రింక్ కూడా పట్టానన్నా తాగలేదు అంటాడు వాడు. మా కుర్రాడూ నేనూ షాపు ముందే పంపు నీళ్ళు పొట్ట కింద, చంకల్లో, తొడల సందుల్లో పోస్తూ టేబుల్ ఫ్యాను తెచ్చి మీద పెట్టాం. ఐసు ముక్కలు రుద్దుదామని ఎవరో పరిగెత్తబోతే ఆపాను, ఐసు కన్నా పంపు నీళ్ళూ ఫ్యాను గాలే మేలని డాక్టరు గారు ఎప్పుడూ చెప్తుంటారు. ఆయనొచ్చి థర్మామీటరు పెడితే ఇంకా 106 ఉంది, కుక్కకి మామూలుగా 101 నుంచి 102.5 దాకా ఉండాలి. సెలైన్లు పెట్టి సాయంత్రానికి నిలబెట్టారు. ఆ కుర్రాడి తప్పేం లేదండి ఇందులో, వాడికి ఆ కుక్కని అమ్మినాయన ఎండ గురించి ఒక్క ముక్క చెప్పలేదు, ఎక్కడైనా బతికేస్తుంది అన్నాడంట, అంతే.

మరి ఈ పగ్గులు ఇంతగా ఎట్లా వచ్చాయి మన ఊళ్ళకి అంటే, 2003లో హచ్ ఫోన్ల యాడ్ గుర్తుందా, పిల్లాడి వెనకే ఎటెళితే అటు నడిచే కుక్క, అప్పట్నుంచీ. అంతకుముందు మా వైపు పగ్గు అంటే తెలిసినవాళ్ళే తక్కువ. అవతల నెదర్లాండ్స్‌లో ఏం చేశారో చూడండి, మూతి పొడవు పుర్రె పొడవులో కనీసం మూడో వంతు లేకపోతే ఆ కుక్కలతో పిల్లల్ని తీయించకూడదని 2019లో గట్టిగా పెట్టారు. చల్లటి దేశం వాళ్ళది. నార్వేలో అయితే కావలియర్ అనే చిన్న జాతిని ఇకమీదట బ్రీడ్ చెయ్యొద్దని 2023లో వాళ్ళ సుప్రీంకోర్టే చెప్పింది, పుర్రె చాలక మెదడు మీద ఒత్తిడి, గుండె కవాటాల జబ్బు, ఇవన్నీ జాతి మొత్తం పాకిపోయాయని. ఇక్కడేమో 45 డిగ్రీల ఊళ్ళో కూర్చుని మూతి ఎంత లోపలికి నొక్కుకుపోతే అంత ఒరిజినల్ అని పదివేలు ఎక్కువ చెప్తున్నారు.

పొమేరియన్ గురించి కూడా ఒక మాట రాయాలి, ఇది చాలామందికి తెలీదు. 80ల్లో 90ల్లో మన ఇళ్ళల్లో స్నూపీ, టామీ, పింకీ అని తెల్లగా గుబురుగా తిరిగిన కుక్కలు, పామ్ పామ్ అనేవాళ్ళం, అవి నిజానికి చాలామట్టుకు పొమేరియన్లు కాదు, ఇండియన్ స్పిట్జ్. మూతి కాస్త పొడుగు, ఒళ్ళు కాస్త పెద్దది, ఇంట్లో వండిన పెరుగన్నం తిని వరండాలో పడుకుని పదమూడు పద్నాలుగేళ్ళు బతికేవి, అరుపు మాత్రం వీధి చివరికి వినపడేది, పోస్టుమాన్‌కి ప్రాణసంకటం. నన్నడిగితే చిన్న కుక్క కావాలి, మన వాతావరణం తట్టుకోవాలి అనుకునే మధ్యతరగతి ఇంటికి అంతకంటే సరిపడే కుక్క ఇంకోటి రాలేదు. ఇప్పుడది ఫ్యాషన్ కాదు కాబట్టి దొరకటమే కష్టమైపోయింది, దాని బదులు టాయ్ పామ్, టీకప్ పామ్ అని అరచేతిలో పట్టేవి అమ్ముతున్నారు. అవి పుట్టటమే బలహీనంగా పుడతాయి, పిల్లగా ఉన్నప్పుడు ఒక పూట తిండి ఆలస్యమైతే షుగర్ పడిపోయి వణుకుతూ సొమ్మసిల్లిపోతాయి, సోఫా మీంచి దూకితే మోకాలి చిప్ప పక్కకి జారుతుంది, దవడ చిన్నదవటంతో పళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి నాలుగేళ్ళకే చిగుళ్ళు పాడవుతాయి. శ్వాసనాళం మెత్తబడి బాతు అరిచినట్టు దగ్గుతాయి కొన్ని, వాటికి మెడకి బెల్టు కట్టి లాగకూడదు, ఛాతీకి తొడిగే హార్నెస్ వాడాలి, ఇది అమ్మేవాడు చెప్పడు, నేను మెడబెల్టు అడిగిన ప్రతి పామ్ ఓనరుకీ చెప్తా.

నా వ్యాపారానికైతే ఇవన్నీ లాభమేనండోయ్. షిట్జూ ఒకటి పేటలోకి వచ్చిందంటే కంటి చుక్కలు, చెవి మందు, మెడికేటెడ్ షాంపూ, దురద బిళ్ళలు నెలనెలా ఖాయం. కళ్ళు అంత బయటికి ఉండి మీద వెంట్రుకలు పడుతుంటే పుండు పడక ఏం చేస్తుంది, రోజూ దువ్వాలి, నెలా నెలన్నరకోసారి కత్తిరించాలి, లేకపోతే ఆ జుట్టు అట్టకట్టి కింద చర్మం చీము పడుతుంది. నేను నా పొట్ట కొట్టుకుంటూ రాస్తున్నానని గమనించగలరు.

అమ్మకాల దగ్గర జరిగేది ఇంకో కథ. కేంద్ర ప్రభుత్వం 2017లో కుక్కల బ్రీడింగు, అమ్మకాల మీద నిబంధనలు తెచ్చింది, జంతు హింస నిరోధక చట్టం కింద. బ్రీడరు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ చేయించుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు, టీకాలు వేసి మైక్రోచిప్ పెట్టి ఇవ్వాలి, తల్లికి ఏడాదిన్నర నిండకుండా ఈత పట్టించకూడదు, జీవితంలో ఐదు ఈతలు దాటకూడదు, అన్నీ రాసి ఉన్నాయి. మా కౌంటర్ దగ్గరికి వచ్చే పిల్లలు ఎన్ని రోజులవో తెలుసా, నెల, మహా అయితే నలభై రోజులు. కళ్ళు పూర్తిగా నిలవకముందే తల్లి దగ్గర్నుంచి తీసేస్తారు, ఎందుకంటే చిన్నదైతే ముద్దుగా కనిపిస్తుంది, తొందరగా పోతుంది, మేపే ఖర్చు తగ్గుతుంది. కొనేవాళ్ళకి దీంతో పనేంటి అంటే ఉంది. తోటి పిల్లల్తో కొట్లాడుతూ ఆడుకుంటూ గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట మానేస్తుంది, అట్లా నేర్చుకుంటుంది కుక్కపిల్ల ఎంతవరకు కొరకాలో. ఆ నాలుగు వారాల చదువు లేకుండా మన ఇంటికొస్తే ఆ కొరుకుడంతా మన పిల్లల చేతుల మీద పడుతుంది. తల్లిని చూపించండి అని అడగండి, ఊళ్ళో లేదు, పొలం దగ్గరుంది, ఫోటో చూపిస్తా అంటే లేచి వచ్చేయండి. కాగితాలున్నాయి అంటారు, కెన్నెల్ క్లబ్ కాగితాలు. ఆ కాగితం తాత ముత్తాతలెవరో చెప్తుంది, మోకాళ్ళు ఎట్లా ఉన్నాయో గుండె ఎట్లా ఉందో చెప్పదు. తల్లిదండ్రుల ఆరోగ్య పరీక్షలు వేరే అడగాలి, అడిగితే మా దగ్గర అలాంటివేం ఉండవండీ అని నవ్వుతారు.

అట్లాగని జాతి కుక్క వద్దేవద్దు అని నేను చెప్పట్లేదు. దాని వల్ల ఒక సుఖం ఉంది, ఎంత పెరుగుతుందో ముందే తెలుస్తుంది. బీపీ బిళ్ళలు వేసుకునే పెద్దావిడ ఒక్కతే ఉంటుంది, మూడో అంతస్తు, లిఫ్టుంది, పిల్లలు అమెరికాలో, ఆమెకి ఇరవై కిలోల కుక్క బజార్లో లాగితే పడిపోతుంది. ఆరేడు కిలోల్లో ఉండే కుక్క కావాలి, ఏసీ ఉంది, కత్తిరింపులకి డబ్బుంది, సరే, ముక్కు రంధ్రాలు బాగా తెరుచుకుని మూతి కాస్త ఉన్న షిట్జూనో లాసానో చూసి తెచ్చుకోండి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా పొద్దున్న ఆరింటి లోపు, రాత్రి ఎనిమిది తర్వాతే బయట తిప్పండి. డాష్‌హౌండ్ కూడా మన ఎండకి పర్వాలేదు, పొట్టి వెంట్రుక, మూతి పొడుగు, కాకపోతే ఆ పొడుగు నడుముకి మెట్లు పడవు, ఒళ్ళొచ్చిందా డిస్కు జారి వెనక కాళ్ళు పడిపోతాయి, లిఫ్టు లేని ఇంటికి అది తగదు. ఇంక గుణం సంగతంటారా, ఫలానా జాతి పిల్లల్తో మంచిది, ఫలానాది కోపిష్టిది అని మీ పేజీలో రాశారు చూడండి, దాన్ని అంతగా నమ్మకండి. 2022లో సైన్స్ పత్రికలో పెద్ద పరిశోధన వచ్చింది, 18 వేలకు పైగా కుక్కల యజమానుల్ని అడిగి, రెండు వేల పైచిలుకు కుక్కల డీఎన్ఏ చూసి, ఒక కుక్కకీ ఇంకో కుక్కకీ ప్రవర్తనలో ఉండే తేడాలో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమే అని తేల్చారు. కౌంటర్ దగ్గర నేను చూసేదీ అదే, పిచ్చి కోపం ఉన్న మాల్టీస్ వస్తుంది, దాని మూతికి గుడ్డ కడితే గానీ గోళ్ళు కత్తిరించనివ్వదు, దాని పక్కనే మందుల అట్టపెట్టె మీద తల పెట్టుకుని నిద్రపోయే రాట్‌వీలర్ వస్తుంది.

ఇప్పుడు క్రాసుల దగ్గరికొద్దాం. ఒరిజినలా క్రాసా అని అడిగే తీరులోనే చిన్నచూపు ఉంటుంది మనవాళ్ళకి, క్రాస్ అని చెప్పటానికి సిగ్గుపడి గొంతు తగ్గిస్తారు. మా పేటల్లో తిరిగే మిక్స్ కుక్కలు రకరకాలు, స్పిట్జ్ రక్తం కలిసి తోక వీపు మీద చుట్టుకుని బొచ్చు పెరిగినవి, డాష్‌హౌండ్ కలిసి పొట్టికాళ్ళతో పొడుగు ఒళ్ళుతో ఉండేవి, ల్యాబ్ కలిసి చెవులు వేలాడేవి, అసలు ఏ కలుపూ లేని మన నాటువి, ఇండీ అంటున్నారు ఇప్పుడు. సత్యనారాయణపురంలో ఒకింట్లో ఉంది ఒక పొట్టికాళ్ళ మిక్స్, గోధుమరంగు, ఒక చెవి నిలబడి ఒకటి వాలి ఉంటుంది. వాళ్ళింటి నాయనమ్మ గారు దాన్ని గంగులూ అని పిలుస్తుంది, ఆవిడ పూజ చేసుకుంటుంటే గుమ్మం అవతలే కూచుంటుంది, హారతి గంట వినపడగానే లేచి కొబ్బరిముక్క కోసం తోకాడిస్తుంది, మనవడు దాని చెవి పట్టుకుని లాగినా లేచి మంచం కిందకి పోతుందే గానీ మూతి పెట్టదు. ఏడాదికోసారి టీకాలకి, మధ్యమధ్య పురుగుల మందుకి, వానల్లో పిడుదుల మందుకి తప్ప నా దగ్గరకి రారు వాళ్ళు.

అంటే మిక్స్ కుక్కకి జబ్బులే రావా? వస్తాయి, రావనేదంతా ఫేస్‌బుక్ మాట. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ వాళ్ళు 27 వేలకు పైగా కుక్కల రికార్డులు చూసి 2013లో వేసిన లెక్కలో 24 వంశపారంపర్య జబ్బులు పరిశీలిస్తే పది జబ్బులు జాతి కుక్కల్లో ఎక్కువ, పదమూడింటిలో జాతికీ మిక్సుకీ తేడా లేదు, మోకాలి లిగమెంటు తెగటం మాత్రం మిక్సుల్లోనే ఎక్కువ. కాబట్టి వీధి కుక్కకి ఏమీ కాదులే అని టీకా ఎగ్గొట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పార్వో అనే వైరస్ జబ్బు జాతి చూడదు, నెత్తుటి విరేచనాలతో రెండు రోజుల్లో తీసుకుపోతుంది. పిడుదు జ్వరమూ అంతే, మన దగ్గర అన్ని కుక్కలకీ వస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలెట్టి మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్లు, మూడు నెలలకి రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటా, ఇది ముప్ఫైవేల షిట్జూకైనా ఊరికే వచ్చిన గంగులుకైనా ఒకటే.

మిక్సుతో అసలు చిక్కు వేరే, ఎంత పెరుగుతుందో తెలీదు. నెలన్నర పిల్ల అప్పుడు ఏదైనా అరచేతిలోనే ఉంటుంది, మన నాటు కుక్క పెరిగితే పదిహేను నుంచి ఇరవై కిలోలు, ఉరుకులు పరుగులు కావాలి దానికి, పొద్దున్నా సాయంత్రం నడిపించకపోతే చెప్పులు, రిమోట్లు, సోఫా దూది మిగలవు. చిన్నదే కావాలంటే తల్లిని చూడండి, పిల్లల్లో కాళ్ళు లావుగా పాదాలు పెద్దగా ఉన్నదాన్ని వదిలేయండి, అయినా గ్యారంటీ లేదు. దానికి నేను చెప్పే మార్గం ఒకటుంది, ఎవరూ వినరు గానీ: పిల్లని తెచ్చుకోకండి, ఏడాది దాటిన కుక్కని తెచ్చుకోండి. షెల్టర్లలో ఉంటాయి, ఎవరో జంతు ప్రేమికుల ఇళ్ళల్లో తాత్కాలికంగా పెరుగుతూ ఉంటాయి, లాక్‌డౌన్‌లో సరదాకి కొని తర్వాత వదిలేసిన జాతి కుక్కలు కూడా ఉంటాయి. ఇంకేం పెరగదు, ఎంతుందో అంతే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయి ఉంటుంది, పిల్లల్ని చూస్తే దగ్గరికొస్తుందో భయపడుతుందో, ప్రెషర్ కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడుతుందో లేదో, అన్నీ పెంచుతున్నవాళ్ళే చెప్తారు. నాలుగు సార్లు మన పిల్లల్ని తీసుకెళ్ళి చూపించి అప్పుడు తెచ్చుకోవచ్చు. కొన్న పిల్లకి ఈ సౌకర్యం ఎక్కడిది?

వీధి కుక్క అనగానే తల్లులు భయపడతారు, ఆ భయాన్ని నేను తీసిపారెయ్యను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి కుక్కల గుంపు చంపేసిన వీడియో చూసిన ఎవరికైనా వారం నిద్ర పట్టలేదు. కానీ తిండి లేక గుంపుగా తిరిగే కుక్కలు వేరు, మూడో వారం నుంచి పద్నాలుగో వారం లోపు మనుషుల మధ్య, మిక్సీ చప్పుళ్ళ మధ్య, పిల్లల మధ్య పెరిగిన కుక్క వేరు, అవి రెండూ ఒకే జాతివి అయినా సరే. ఇంకోవైపు ఇదీ నిజమే, వీధిలోనే పెద్దదైన ప్రతి కుక్కా ఫ్లాటులో ఇమడదు, కొన్నింటికి నాలుగు గోడలంటేనే భయం, వాటికి ఆపరేషన్ చేయించి, టీకా వేయించి ఎక్కడిదాన్ని అక్కడే ఉంచటం దానికీ మంచిది మనకీ మంచిది, కుక్కల సంతానం అదుపు చెయ్యటానికి 2023లో కేంద్రం తెచ్చిన ఏబీసీ రూల్స్ చెప్పేదీ అదే. 2025 ఆగస్టు 22న ఢిల్లీ కుక్కల కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆర్డరులో కూడా దత్తత ఊసు ఉంది, వీధి కుక్కని తీసుకోదలిస్తే మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు, తీసుకున్నాక మళ్ళీ వీధిలోకి వదలకూడదు అని. అదే నెలలో జీహెచ్ఎంసీ వాళ్ళు బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో ఇండీ పిల్లల దత్తత మేళా పెట్టారు. మన విజయవాడలోనూ కార్పొరేషన్ వాళ్ళు ఏటా రెండుసార్లు అలాంటిది పెడితే ఎంత బాగుంటుంది.

ఏ కుక్కయినా సరే, రెండు కిలోల చువావా అయినా సరే, ఐదేళ్ళ లోపు పిల్లాడితో ఒంటరిగా గదిలో వదిలి వంటింట్లోకి వెళ్ళకండి. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు ముట్టుకోవద్దని పిల్లలకి ముందు నేర్పండి, తర్వాత కుక్కకి నేర్పుదురు గాని. గీరినా కరిచినా సబ్బు పెట్టి ధారగా పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, మనింటి కుక్కే కదా టీకా వేయించాం కదా అని పసుపు రాసి ఊరుకోకూడదు.

ఈ మధ్య ఇంకో వింత, క్రాసులకే రేటు పెంచేశారు, పూడిల్ అనే జాతితో కలిపినవాటికి మాల్టీపూ, షీపూ, కాకాపూ అని పేర్లు పెట్టి లక్ష, లక్షన్నర. 1989లో ఆస్ట్రేలియాలో వాలీ కాన్రన్ అనే ఆయన ఒక చూపులేని ఆవిడకి దారి చూపే కుక్క కోసం, ఆవిడ భర్తకి కుక్క వెంట్రుకలు పడవని, ల్యాబునీ పూడిల్‌నీ కలిపాడు. తర్వాత దాన్ని చూసి డబ్బు కోసం ఎవరు పడితే వాళ్ళు కలిపేస్తుంటే ఎందుకు చేశానా అని బాధపడ్డాడాయన. మోకాళ్ళు బాగాలేని పూడిల్‌నీ మోకాళ్ళు బాగాలేని మాల్టీస్‌నీ కలిపితే మంచి మోకాళ్ళు ఎక్కడినుంచి వస్తాయి చెప్పండి. ఒరిజినల్ కాదని వీధి క్రాసుని చీదరించుకునే మనిషే ఆ క్రాసుకి లక్ష పోస్తున్నాడు, నాకు నవ్వాలో ఏడవాలో తెలీదు.

అపార్టుమెంట్ల సంగతి కూడా రెండు ముక్కలు. మీ పేజీ చూపించి ఒక అసోసియేషన్ సెక్రటరీ గారు నాతో వాదించారు, మేం చిన్న జాతి కుక్కలైతే ఒప్పుకుంటాం, వీధి రకాలు వద్దని తీర్మానం చేశాం అని. అట్లాంటి తీర్మానానికి విలువ లేదండి, పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం, సైజుని బట్టి జాతిని బట్టి వద్దనే అధికారం సంఘాలకి లేవు, మెజారిటీ ఓటుతో చేసినా చెల్లవు అని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది. అలాగే కుక్క చేసినదాన్ని ఎత్తి శుభ్రం చేసుకోవాల్సింది మాత్రం ఓనరే, కాగితం ముక్కో కవరో జేబులో పెట్టుకోవటానికి కొంతమందికి నామోషీ, వాళ్ళ వల్లే ఈ గొడవలన్నీ.

ఇక ఎడిటర్ గారూ, ఇంత రాసింది మీకు ఒక విన్నపం చెయ్యటానికి. మీ క్లాసిఫైడ్స్‌లో వారం వారం పప్పీస్ ఫర్ సేల్ ప్రకటనలు వస్తాయి, ఫోన్ నంబరు, జాతి పేరు, అంతే ఉంటుంది. వాటిలో ఇంకో రెండు వివరాలు తప్పనిసరి చెయ్యండి, బ్రీడరుకి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు, పిల్లలు పుట్టిన తేదీ. నంబరు లేనివాడి ప్రకటన తీసుకోవద్దు. పుట్టిన తేదీ అచ్చులో ఉంటే ఎనిమిది వారాలు నిండాయో లేదో కొనేవాళ్ళే వేళ్ళ మీద లెక్కేసుకుంటారు. మీకు ప్రకటనలు కొన్ని తగ్గొచ్చు, నాకూ కంటి చుక్కల అమ్మకం తగ్గుద్ది. ఆ ఖాళీ అయిన చోట దత్తతకి ఉన్న పెద్ద కుక్కల వివరాలు మీరు ఉచితంగా వేస్తామంటే, వయసు, బరువు, టీకాలు, పిల్లలకి అలవాటుందా లేదా అన్నవన్నీ మా పేటలోవి రాసి పంపే బాధ్యత నాది.

ఇట్లు,
పశువుల మందుల షాపు ఓనరు,
విజయవాడ